మంచి ముక్కలే పడ్డాయి... వదిలేయాలా?

పత్తాల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే మాట అడిగాయి. చేతిలో గట్టి ముక్కలున్నాయి, అవతలివాడు ఒక్కసారిగా పెంచేశాడు, కాల్ చేయాలా (అంతే వేసి ఆటలో ఉండాలా), ఫోల్డ్ కొట్టాలా (ముక్కలు వదిలేయాలా)? అందుకే శీర్షికలో చాలా చోటు దానికే ఇచ్చాం. ఇక్కడ మాట్లాడేది ఉచిత చిప్స్‌తో ఆడే ఆన్‌లైన్ పోకర్ గురించి, అందులోనూ హోల్డెమ్ గురించి. ఈ ఆటలో చేతికి రెండు ముక్కలు, బల్ల మీద అందరికీ కలిపి ఐదు. ఆ ఐదులో మొదటి మూడు ఫ్లాప్, నాలుగోది టర్న్, ఐదోది రివర్. ముక్కలు పంచకముందే ఇద్దరు కట్టే చిన్న, పెద్ద పందేలు బ్లైండ్స్, అందరూ వేసిన చిప్స్ మొత్తం పాట్. పైసలతో ఆడే యాప్‌ల గురించి పెద్దపల్లి నుంచి ఒక ఉత్తరం వచ్చింది. దాని జవాబు వేరుగా ఇచ్చాం.

ప్రశ్న: ఆరుగురి టేబుల్. బ్లైండ్స్ 10, 20. నా దగ్గరా, అవతలివాడి దగ్గరా 3,000 చిప్స్. నాకు కళావరు 9, డైమండ్ 9 పడ్డాయి. 60కి పెంచాను. బటన్ (ఫ్లాప్ తర్వాత చివర ఆడే చోటు) మీద ఉన్నవాడొక్కడే కాల్ చేశాడు. ఫ్లాప్‌లో ఇస్పేటు రాజు, ఇస్పేటు 9, డైమండ్ 4. వంద వేశాను, కాల్. టర్న్‌లో ఆటీను 6. 275 వేశాను, కాల్. రివర్‌లో ఇస్పేటు 2 పడింది. 450 వేస్తే వాడు 1,800 చేశాడు. మూడు తొమ్మిదులు పెట్టుకుని ఎట్ల వదలాలి? కాల్ చేశాను, ఫ్లష్ (ఐదూ ఇస్పేట్ల లాంటి ఒకే రంగు ముక్కలు) చూపించాడు. నేను చేసిన తప్పేంటి?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఫ్లష్ చూపించాడు కాబట్టి తప్పు, చూపించకపోతే ఒప్పు అనుకోకండి. కాల్ కొట్టే ముందు రెండు లెక్కలు చూడాలి. ఆ రెండూ ఏం చెప్పాయన్నదాన్ని బట్టే తప్పొప్పులు.

మొదటిది ధర. రివర్ ముక్క పడేసరికి పాట్‌లో 900 ఉన్నాయి. మీరు 450, వాడు 1,800 వేశారు కాబట్టి మొత్తం 3,150. మీరు ఇంకా వేయాల్సింది 1,350. అది వేస్తే పాట్ 4,500 అవుతుంది. 1,350ని 4,500తో భాగిస్తే 30 శాతం. అంటే ఇలాంటి సందర్భాలు వంద వస్తే అందులో 30 సార్లు గెలిచినా ఈ కాల్‌తో నష్టం లేదు. అంతకు తగ్గితే ఫోల్డ్.

ఈ లెక్కలో మీరు అప్పటికే వేసిన 885 చిప్స్ విడిగా ఎక్కడా రాలేదని గమనించండి. అవి పాట్‌లో కలిసిపోయాయి, ఇక మీవి కావు. ఏనుమాముల మార్కెట్లో పత్తి అమ్మేటప్పుడు చేనుకు పెట్టిన ఖర్చు చూసి ఎవరూ ధర కట్టరు, ఆ రోజు ధరే ధర. "ఇంత పెట్టాక ఎట్ల వదలాలి" అన్న ఆలోచన వచ్చిందంటే మీరు ముక్కలను చూడటం మానేసి, పోయిన చిప్స్‌ను చూస్తున్నట్టే.

రెండోది అవతలివాడి చేతిలో ఏముండొచ్చన్న లెక్క. "ఫ్లష్ ఉందేమో" అని ఊరుకోకుండా, ఏయే రెండు ముక్కలతో వాడు ఇంతవరకు ఇలాగే ఆడి ఉంటాడో కాగితం మీద రాయండి. ఒక్కో రెండు ముక్కల కలయికను ఆటగాళ్లు కాంబో అంటారు. ఇస్పేటులో రాజు, 9, 2 బల్ల మీదే ఉన్నాయి. మిగిలింది పది ముక్కలు: ఆసు, రాణి, జాకీ, 10, 8, 7, 6, 5, 4, 3. ఇస్పేటు ఆసుతో మిగతా తొమ్మిదింటిలో దేన్ని కలిపినా మామూలు ఆటగాడు మొదట్లో కాల్ చేస్తాడు. అవి 9 కాంబోలు. ఆసు లేకుండా రాణి-జాకీ, రాణి-10, జాకీ-10, 8-7, 7-6, 6-5, 5-4, ఇవి 7. మొత్తం 16. వీటన్నిటికీ ఫ్లాప్‌లోనే నాలుగు ఇస్పేట్లు అయ్యాయి. వంద, 275 కాల్ చేసుకుంటూ రావడం వాటికి చక్కగా అతుకుతుంది.

ఇప్పుడు మీ తొమ్మిదుల చేతిలో ఓడే ముక్కలు చూద్దాం. మూడు నాలుగులు 3 కాంబోలు, మూడు ఆరులు 3, రాజు-9 రెండు జతలు 3. ఈ ముక్కలున్నవాడు రివర్‌లో మూడో ఇస్పేటు పడ్డాక మీ 450ని కాల్ చేస్తాడు గానీ 1,800కి ఎందుకు పెంచుతాడు? పెంచితే ఎవరు కాల్ చేస్తారన్న భయం వాడికీ ఉంటుంది. బ్లఫ్ కొట్టగల (ముక్కలు లేకున్నా పెంచి భయపెట్టే) చేతుల్లో నమ్మదగ్గది ఇస్పేటు ఆసుతో ఇంకో రంగు రాజు, అవి 3 కాంబోలు. ఫ్లష్ వాడికి లేదు, ఎవరి దగ్గరా ఆసు ఫ్లష్ ఉండదని మాత్రం వాడికి తెలుసు.

30 శాతం రావాలంటే 16 ఫ్లష్‌లకు ఎదురుగా మీకు ఓడే కాంబోలు కనీసం 7 ఉండాలి. 23లో 7 అంటే 30 శాతం కాస్త దాటుతుంది. ఆ మూడు బ్లఫ్‌లూ వాడు ప్రతిసారీ కొడతాడనుకున్నా ఇంకా నాలుగు వెతకాలి. చిన్న బ్లైండ్స్ టేబుళ్లలో రివర్ రెయిజ్‌తో (రివర్‌లో పెంచి) బ్లఫ్ కొట్టేవాళ్లు తక్కువ. అందుకని తెలియని ఆటగాడి మీద ఇది ఫోల్డే. మూడు తొమ్మిదులే అయినా సరే. ఫ్లాప్‌లో ఆ చేతిని ఓడించేవి మూడు రాజులే. రివర్ దాటేసరికి వాడు ఆడిన తీరుకు సరిపోయే చేతుల్లో ఎక్కువ భాగం దాన్ని ఓడిస్తున్నాయి. ముక్కలు మారలేదు, వాటి విలువ మారింది.

వాడు గత అరగంటలో రివర్‌లో రెండుసార్లు పెంచి ఉత్త ముక్కలు చూపించాడని మీరు కళ్లారా చూసి ఉంటే లెక్క తిరగబడుతుంది, కాల్ చేయండి. 1,800 కాకుండా 900 మాత్రమే చేసి ఉంటే మీరు వేయాల్సింది 450, పాట్ 2,700, ధర 16.7 శాతం. అప్పుడు 4 కాంబోలు దొరికితే చాలు. కానీ కొత్త ఆటగాళ్లు ఇలా పిసరంత పెంచేది కాల్ కావాలనే, బ్లఫ్‌కు కాదు. చవకగా ఉంది కదా అని కళ్లు మూసుకుని కాల్ చేయొద్దు.

అసలు మార్చుకోవాల్సింది దీనికి ఒక్క అడుగు ముందు ఉంది. మూడో ఇస్పేటు పడ్డాక 450 బదులు 300 వేసినా ఒంటి రాజు జతవాళ్లు కాల్ చేస్తారు. వేసే ముందే "పెంచితే వదిలేస్తాను" అని తేల్చుకుని వేయాలి. రెయిజ్ వచ్చాక, గడియారం తిరుగుతుంటే మొదలుపెట్టే ఆలోచన దాదాపు ఎప్పుడూ కాల్‌తోనే ముగుస్తుంది.

ప్రశ్న: ఫ్లష్ పడే బల్ల మీద ఆ రంగు ఆసు మన చేతిలోనే ఉంటే లెక్క ఎంత మారుతుంది?
– నిట్ విద్యార్థి, వరంగల్

జవాబు: చాలా మారుతుంది. పైన హనుమకొండ పాఠకుడి బల్లే తీసుకోండి. ఇస్పేటు ఆసు మీ దగ్గరుంటే అవతలివాడికి ఆసుతో వచ్చే 9 ఫ్లష్‌లు అసలుండవు. 16 నుంచి 7కి పడిపోతాయి. అదే 30 శాతం ధరకు ఇప్పుడు మీకు ఓడే కాంబోలు 3 దొరికితే చాలు. ఒక రంగు ఆసును చేతిలో పట్టుకుని ఫ్లష్‌కు భయపడేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

ఒక జాగ్రత్త. ఆసు చేతిలో ఉంటే తగ్గేది ఫ్లష్‌లే. మీ దగ్గర మూడు తొమ్మిదులకు బదులు రెండు ఆసులే ఉంటే తొమ్మిదులు, ఆరులు, నాలుగుల సెట్లు (ఒకే అంకెవి మూడు), రెండు జతలు అన్నీ మిమ్మల్ని ఓడించేవాటిలోకి చేరతాయి. పెంచినవాడు ఫ్లష్ తప్ప వాటితో పెంచడని అనిపిస్తేనే పై లెక్క వాడండి.

ప్రశ్న: రెండు రాజులు పడ్డాయి సార్. నేను 60 జేసిన, వాడు 200 జేసిండు, నేను 520 అన్న. వాడు మొత్తం 2,000 ఆల్ ఇన్ పెట్టిండు. ఆసులే ఉన్నయని మనసుల కొట్టుకున్నది, వదిలేసిన. దోస్తులంతా నవ్విండ్రు. వదులుడు తప్పా?
– భూపాలపల్లి నుంచి

జవాబు: మీరు వాడి ఆట చాలాసేపు చూసి ఉంటే తప్ప, తప్పే. దీన్నీ లెక్కలోనే చూద్దాం.

బ్లైండ్స్ 30 కలిపి పాట్‌లో 2,550 ఉంది, మీరు వేయాల్సింది 1,480. వేస్తే 4,030. ధర 37 శాతానికి కాస్త తక్కువ. మీ చేతిలో రెండు రాజులున్నప్పుడు అవతలివాడికి రెండు ఆసులు పడే దారులు 6, మిగతా రెండు రాజులు పడేది 1, రెండు రాణులు 6, ఆసు-రాజు 8. ఆసుల మీద మీరు వందకు 18 సార్లు గెలుస్తారు. రాణుల మీద 80 దాటుతుంది. ఆసు-రాజు మీద 70కి కాస్త అటూ ఇటూ.

వాడు ఈ నాలుగింటితోనూ ఇలా ఆడతాడనుకుంటే మీ గెలుపు సుమారు 57 శాతం, కళ్లు మూసుకుని కాల్ చేయొచ్చు. రాణులు తీసేసినా 47. ఆసు-రాజు ఉన్నప్పుడు సగం సార్లే ఇలా పెడతాడనుకున్నా 39 పైనే వస్తుంది, కాల్ నిలబడుతుంది. ఆసులు, రాజులు ఈ రెండే తప్ప ఇంకేదీ పెట్టడనుకుంటేనే 23కి పడిపోతుంది, అప్పుడే ఫోల్డ్. గంటకు ఒక్కసారి కూడా పెంచని మనిషి ఆల్ ఇన్ అంటే వేరు. ఉచిత చిప్స్ టేబుళ్ల మీద 8-8తోనూ, ఆసు-జాకీతోనూ ఆల్ ఇన్ కొట్టేవాళ్లే ఎక్కువ. అక్కడ రాజులు వదలడమంటే చిప్స్ దానం చేయడమే.

మనసు కొట్టుకోవడానికి కారణం ఉంది. రాజులు పడి ఆసుల చేతిలో పోయిన ఆట ఎవరూ మరిచిపోరు, గెలిచినవి మరిచిపోతారు. మీకు రాజులు పడినప్పుడు ఆరుగురి టేబుల్‌లో మిగతా ఐదుగురిలో ఎవరికైనా ఆసులు ఉండే అవకాశం రెండున్నర శాతం లోపే. తొమ్మిదిమంది ఉంటే 4 శాతం లోపు. ఇంతింత పెంచుకున్నాక ఆ అవకాశం పెరుగుతుంది నిజమే, కానీ ఎంత పెరిగిందో పైన వేసినట్టు కాంబోలు పెట్టి చూడాలి.

ప్రశ్న: మా యాప్‌లో ఆసులు పడితే చాలు ఓడిపోతున్నాను. ప్రతి ఆటలో ముగ్గురు నలుగురు ఆల్ ఇన్ కొడతారు, ఎవడో ఒకడు రెండు జతలు చూపిస్తాడు. ఇది యాప్ మోసం కాదా? ఇలాంటి చోట ఆసులు వదిలేయడమే నయమా?
– రైల్వే ఉద్యోగి, కాజీపేట

జవాబు: మోసం అనాల్సిన పని లేదు, లెక్కే అలా ఉంటుంది. రెండు ఆసులు ఏ ముక్కలున్నాయో తెలియని ఒక్కడి మీద వందకు 85 సార్లు గెలుస్తాయి. ఇద్దరి మీద 73, ముగ్గురి మీద 64, నలుగురి మీద 56. ఐదుగురు వస్తే సగానికి దిగుతుంది. ఎనిమిదిమందీ వస్తే 35. నలుగురు ఆల్ ఇన్ కొట్టిన టేబుల్‌లో ఆసులు పదింటికి నాలుగుసార్లు పైనే ఓడాలి మరి.

అయినా వదలకూడదు. నలుగురు ఎదురుంటే పాట్‌లో మీది ఐదో వంతే, గెలిచేది సగం పైన. అంతకన్నా మంచి బేరం ఈ ఆటలో దొరకదు. ఎక్కువసార్లు ఓడటం, మొత్తం మీద చిప్స్ పెరగడం రెండూ ఒకేసారి జరుగుతాయి. ఓడిన ప్రతిసారీ ఖాళీ అయిపోతే మాత్రం విసుగొస్తుంది. ఒకే టేబుల్ మీద మీ చిప్స్ మొత్తం పెట్టకండి, ఇరవయ్యో వంతు తీసుకుని కూర్చోండి.

ఆసులు వదలాల్సిన చోటు మొదట్లో కాదు, ఫ్లాప్ తర్వాత. దాని గురించి కరీంనగర్ ఉత్తరం చూడండి.

ప్రశ్న: మా తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. పోకర్ యాప్ ఒకటి టెలిగ్రామ్ లింకుతో ఎక్కించుకున్నాడు. యూపీఐతో ఎవరిదో పేరు మీద ఉన్న ఖాతాకు డబ్బు పంపి చిప్స్ కొంటున్నాడు. గెలిచిన 18 వేలు తీసుకోవాలంటే ముందు 6 వేలు పన్ను కట్టమంటున్నారట. విదేశీ యాప్ కాబట్టి మన చట్టం వర్తించదని వాడి వాదన. నిజమేనా?
– ఒక అక్క, పెద్దపల్లి

జవాబు: నిజం కాదమ్మా. ముందు ఆ 6 వేలు కట్టకుండా ఆపండి. గెలిచిన సొమ్ము ఇవ్వడానికి ఎదురు డబ్బు అడగడం మోసగాళ్ల పద్ధతి. పన్ను ఏదైనా ఉంటే ఇచ్చేదాంట్లోంచే కోస్తారు. 6 వేలు కట్టాక ఇంకో ఫీజు అంటారు, 18 వేలు ఎప్పటికీ రావు.

చట్టం సంగతి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో సుప్రీంకోర్టు 1967లో చెప్పింది. నైపుణ్యం ఆటలకున్న ఆ మినహాయింపును తెలంగాణ ప్రభుత్వం 2017లో 1974 నాటి గేమింగ్ చట్టాన్ని సవరించి తీసేసింది. పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలనూ అందులోకి తెచ్చింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం నైపుణ్యం, అదృష్టం అన్న తేడా లేకుండా డబ్బు ఆటలు నడపడాన్నే నిషేధించింది. విదేశం నుంచి ఇక్కడివాళ్లకు నడిపేవాళ్లకూ అది వర్తిస్తుంది. నడిపేవారికి మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా. ఆ కేంద్ర చట్టం ఆడేవారిని శిక్షించదు, అలాగని రాష్ట్ర చట్టం పోలేదు.

మీరు చేయాల్సింది ఇదీ. యూపీఐ లావాదేవీల నంబర్లు, తేదీలు, డబ్బు వెళ్లిన ఖాతా పేరు, టెలిగ్రామ్‌లో జరిగిన సంభాషణ, అన్నీ స్క్రీన్‌షాట్ తీయండి. యాప్‌ను అప్పుడే తొలగించొద్దు, ఆధారం పోతుంది. తర్వాత 1930కి ఫోన్ చేయండి, సైబర్ నేరాల జాతీయ నంబరు అది. డబ్బు ఇటీవల పంపి ఉంటే ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, అవతలి ఖాతాలో ఇంకా మిగిలి ఉంటే ఆపగలుగుతారు. బ్యాంకుకూ చెప్పండి. ఆడకుండా ఉండలేకపోతున్నాడనిపిస్తే 14416, టెలి మానస్ (మానసిక ఆరోగ్య సహాయ నంబరు). ఉచితం, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడొచ్చు. తమ్ముడిని తిట్టకుండా పక్కన కూర్చోబెట్టుకుని మీరే చేయండి. భయంతో దాచిపెట్టిన రోజుల్లోనే ఎక్కువ డబ్బు పోతుంది.

ప్రశ్న: ఆసుల జత పెట్టుకుని ఫ్లాప్‌లో 10, 9, 8 లాంటివి పడితే ఏం చేయాలి? టర్న్‌లో రెయిజ్ వస్తే ప్రతిసారీ తికమకే.
– కరీంనగర్

జవాబు: తికమక పోవాలంటే ఫ్లాప్ పడిన క్షణంలో ఒక భాగహారం చేసుకోండి. మీ దగ్గర మిగిలిన చిప్స్‌ను పాట్‌తో భాగించండి, ఇద్దరిలో ఎవరికి తక్కువుంటే ఆ చిప్స్‌నే తీసుకోవాలి.

బ్లైండ్స్ 10, 20. ఇద్దరి దగ్గరా 2,000. మీరు 60 చేశారు, ఒకడు కాల్ చేశాడు, బ్లైండ్స్ పోయాయి. పాట్ 150, మిగిలింది 1,940. భాగిస్తే 13 వస్తుంది. అదే మీరు 60, వాడు 200 చేసి మీరు కాల్ చేశారనుకోండి. పాట్ 430, మిగిలింది 1,800. భాగిస్తే 4 చిల్లర.

ఆ అంకె 3, 4 దగ్గరుంటే ఆసుల జతతో పాట్‌కు కట్టుబడిపోయినట్టే. రెండు బెట్లలో చిప్స్ అన్నీ లోపలికి వెళ్తాయి, ధర చాలాసార్లు మీకు అనుకూలంగా ఉంటుంది, వదలొద్దు. అంకె 13 అయితే ఆసుల జత మధ్యరకం పాట్‌కు సరిపడే చేయి. టర్న్‌లో గట్టి రెయిజ్ వచ్చిందంటే అవతలివాడు మొత్తం చిప్స్ పెట్టి ఆడదామంటున్నాడు. ఒక్క జతతో దానికి సిద్ధపడకూడదు.

బల్ల మీద ఆటీను 10, ఆటీను 9, ఇస్పేటు 8, టర్న్‌లో కళావరు 2 అనుకోండి. మీవి డైమండ్ ఆసు, కళావరు ఆసు. పదులు, తొమ్మిదులు, ఎనిమిదుల సెట్లు 9 కాంబోలు. రాణి-జాకీతో స్ట్రెయిట్ (వరుస ముక్కలు ఐదు) 16. ఈ రెండింటితోనే 25 అయ్యాయి, రెండు జతలు, ఒకే రంగు 7-6, జాకీ-7 ఇంకా కలపలేదు. ఫ్లష్‌కు ఒక్క ముక్క తక్కువై పెంచేవాళ్లు ఉంటారు, కానీ వాళ్లకు రివర్‌లో కలిసే అవకాశం సుమారు 20 శాతం ఉంటుంది, పైగా రివర్‌లో మీరు ఇంకో పెద్ద బెట్ ఎదుర్కోవాలి. ఇక్కడ ఫోల్డ్ కొట్టడం పిరికితనం కాదు. అదే ఫ్లాప్ రాజు, 7, 2 మూడు రంగుల్లో పడి ఉంటే ఇంత తొందరగా వదలక్కర్లేదు. అక్కడ రాజు-రాణి, రాజు-జాకీతో పెంచేవాళ్లు బోలెడుమంది.

ప్రశ్న: యాప్‌లో పదిహేను సెకన్లే ఇస్తారు. ఇంత లెక్క ఎప్పుడు చేయాలి? అవతలివాడు తీసుకునే సమయాన్ని బట్టి ఏమైనా చెప్పొచ్చా?
– మంచిర్యాల

జవాబు: ధర లెక్క సెకన్లలో చేయక్కర్లేదు, కంఠతా పట్టండి. అవతలివాడు పాట్‌లో మూడో వంతు వేస్తే మీకు కావాల్సింది 20 శాతం. సగం వేస్తే 25. ముప్పావు వేస్తే 30. పాట్ అంత వేస్తే 33. పాట్‌కు రెట్టింపు వేస్తే 40. రెట్టింపు వేసినా 40 దాటలేదు చూడండి. పెద్ద బెట్ చూసి భయపడి వదిలేసేవాళ్లు ఈ అంకె చూస్తే కొంత నిలదొక్కుకుంటారు.

కాంబోల లెక్క టేబుల్ మీద కాదు, ఆట అయ్యాక చేయాలి. చాలా యాప్‌లలో హ్యాండ్ హిస్టరీ (ఆడిన ఆటల రికార్డు) ఉంటుంది. రోజుకు ఒక్క చేయి తీసుకుని కాగితం మీద పైన వేసినట్టు వేయండి. జతకు 6, జత కాని రెండు ముక్కలకు 16, అందులో ఒకే రంగువి 4. ఒక ముక్క బల్ల మీదో మీ చేతిలోనో కనిపిస్తే జత 6 నుంచి 3కి తగ్గుతుంది. ఈ నాలుగు అంకెలు అలవాటైతే పదిహేను సెకన్లు సరిపోతాయి. అదనపు సమయం ఇచ్చే బటన్ ఉంటే దాన్ని రివర్ కోసమే దాచుకోండి.

సమయాన్ని నమ్మొద్దు. వానాకాలంలో నెట్ ఆగినా, పక్క టేబుల్ మీద ఇంకో ఆట నడుస్తున్నా అలాగే కనిపిస్తుంది. బెట్ కొలతను చూడండి. ఫ్లాప్, టర్న్‌లో సగం సగం వేసినవాడు రివర్‌లో పాట్ దాటించాడంటే ఏదో మారింది. ఏ ముక్క పడ్డాక మారిందో చూస్తే సగం జవాబు దొరుకుతుంది.

ప్రశ్న: ఉచిత టోర్నమెంట్‌లో మొదటి పదిమందికి తర్వాతి రౌండ్ టికెట్. పదకొండుమంది మిగిలాం. బ్లైండ్స్ 2,000, 4,000. నా దగ్గర 60,000. ఇద్దరి దగ్గర 5,000, 6,000 మాత్రమే ఉన్నాయి. 80,000 ఉన్నవాడు ఆల్ ఇన్ కొట్టాడు. నాకు రెండు ఆసులు. కాల్ చేసి ఓడాను. దీన్ని కూడా దురదృష్టం అనుకోనా?
– జగిత్యాల

జవాబు: ఇది దురదృష్టం కాదు. ఆసులను ఫ్లాప్ చూడకుండా వదలాల్సిన సందర్భం పోకర్‌లో ఉంటే అది ఇదే.

మొదటివాడికీ పదోవాడికీ అదే టికెట్. మీకు 60,000 ఉన్నా 1,20,000 ఉన్నా టికెట్ ఒక్కటే. కాల్ చేసి గెలిస్తే కొత్తగా వచ్చేదేమీ లేదు, ఓడితే ఇంటికి. ఆసులున్నా వందకు 15 నుంచి 20 సార్లు ఓడతారు. వదిలితే? 5,000 ఉన్నవాడు ఒక్కసారి పెద్ద బ్లైండ్ కట్టేసరికి 1,000కి దిగుతాడు. ఆ ఇద్దరిలో ఒకడు కొద్ది చేతుల్లోనే పోవడం దాదాపు ఖాయం, మీరు కూర్చుని చూస్తే చాలు.

ఆల్ ఇన్ కొట్టింది 5,000 ఉన్నవాడైతే కాల్ చేయండి. ఓడినా 55,000 మిగులుతుంది, గెలిస్తే టోర్నీ అక్కడే ముగుస్తుంది. బహుమతి స్థానాన్ని బట్టి పెరిగే టోర్నమెంట్లలో ఈ సలహా వాడొద్దు. అక్కడ పైకి వెళ్లడానికి చిప్స్ కావాలి, ఆసులు వదిలితే మిగిలేది పశ్చాత్తాపమే.

ప్రశ్న: పోకర్ రాదు, మాది రమ్మీ. పదమూడు ముక్కల ఆటలో రెండు జోకర్లు పడ్డాయి గానీ లైఫ్ (జోకర్ లేని వరుస) లేదు. డ్రాప్ కొట్టాలా, ఆడాలా?
– వరంగల్, శివనగర్

జవాబు: ముక్క ఎత్తకముందే డ్రాప్ అయితే 20 పాయింట్లు. ఒక్క ముక్క ఎత్తినా మిడిల్ డ్రాప్, 40. ఓడితే గరిష్ఠంగా 80. ఇద్దరే ఆడుతున్నారు, గెలిచినా ఓడినా సుమారు 50 పాయింట్ల తేడా వస్తుందనుకోండి. పదింటికి మూడుసార్లు గెలిస్తే సగటున 20 పోతాయి, అంటే డ్రాప్‌తో సమానం. అంతకు మించి గెలిచే ముక్కలైతే ఆడటమే మేలు.

రెండు జోకర్లతో పాటు ఒకే రంగులో 6-7 లాంటి పక్కపక్క ముక్కలు రెండు చోట్ల ఉంటే ఆడండి. లైఫ్‌కు దారులు నాలుగు ఉన్నట్టు. జోకర్లు తప్ప ఒక్క రంగూ కలవకుండా రాజు, రాణి, జాకీలు విడివిడిగా ఉంటే మొదటి వంతులోనే 20 ఇచ్చేయండి. లైఫ్ కాకపోతే జోకర్లకు సున్నా పడినా మిగతా పదకొండు ముక్కలూ లెక్కలోకి వస్తాయి. ఆడుతున్నాక మిడిల్ డ్రాప్ కొట్టే ముందు మాత్రం చేతిలోని పాయింట్లు కూడండి. మొత్తం 40 లోపే ఉంటే డ్రాప్ వల్ల ఒక్క పాయింటూ కలిసిరాదు.